డోర్నకల్ గుడికి మొక్కు బియ్యం

మా అమ్మాయికి కాన్పు క్షేమంగా జరిగితే డోర్నకల్ గుడిలో బియ్యం అర్పిస్తానని మొక్కుకున్నాను. గుడి అంటే చర్చి, మేం అలాగే అంటాం. అంతకుముందు కడుపు నిలవక ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. ఈసారి డాక్టరమ్మ మంచం దిగవద్దంది. ఆ నెలలన్నీ ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తూ వచ్చాను. మా నాయనమ్మ అలాగే చేసేది. ఈ గుడి కట్టించిన అజరయ్య బిషప్ గారి కాలం నుంచి ఆ ప్రాంతపు ఆడవాళ్లకు అది అలవాటు. కూలికి గింజలు తెచ్చుకునే ఇళ్లలో డబ్బు ఎక్కడిది? వండేముందు పిడికెడు తీసిపెట్టి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్లు.

దేవుడు నా మొర విన్నాడు. తల్లీ బిడ్డా క్షేమం. పాప ఏడుపు మొదటిసారి విన్నప్పుడే, ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను. గుడిని ప్రతిష్ఠించింది జనవరిలో కాబట్టి ఆ నెలలోనే వెళ్లాలని ఆశపడ్డాను.

సంక్రాంతి రద్దీ మొదలైంది. సికింద్రాబాద్‌లో జనరల్ బోగీ ఎక్కడమే గగనమైంది. కాజీపేట దగ్గర మరో గుంపు ఎక్కింది. దిగేవాళ్లను దిగనివ్వరు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లకైనా దారి ఇవ్వరు. ఆ తోపులాటలో నా బియ్యం సంచి కుట్టు పిగిలిపోయింది. గింజలు కాళ్ల మధ్య జలజలా రాలుతుంటే నాకు ఏడుపొచ్చేసింది.

"మాతా, మొక్కు బియ్యమా?" అన్నాడు పక్కన నిలబడ్డ అయ్యప్ప స్వామి.

"అవును స్వామీ, డోర్నకల్ గుడికి."

మరో మాట అడగలేదు. "జరగండి, జరగండి, కాళ్లు పెట్టకండి" అంటూ చుట్టూ ఉన్నవాళ్లను వెనక్కి జరిపాడు. భుజం మీది నల్ల కండువా తీసి పరిచి, సంచిని అలాగే దాని మీదికి దింపి, నాలుగు చెంగులూ ఎదురెదురుగా లాగి ముడులు వేశాడు. నేల మీద పడ్డ గింజల్ని కూడా వదల్లేదు. ఏరి, మూటలో కలపకుండా విడిగా నా కొంగులో పోశాడు. కింద పడ్డవి కానుకలో కలపకూడదని నేను చెప్పలేదు, ఇరుముడి మోసే మనిషికి చెప్పాల్సిన పనీ లేదు. కండువా తిరిగి ఇవ్వబోతే, "ఉంచండి మాతా, మీ మొక్కు తీరాలి" అన్నాడు. ఆయన యాత్ర కూడా క్షేమంగా సాగాలని నేను దిగేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

గుడి దగ్గరకు వెళ్లి తల ఎత్తి చూస్తే మనసు నిండిపోయింది. గుమ్మటాలు, మినార్లు చూస్తే నిజాం ఏలిన నేల గుర్తుకొస్తుంది. లోపల స్తంభాల వరుసలు హిందూ దేవాలయపు మంటపాన్ని తలపిస్తాయి. వీటన్నిటి మీదా సిలువ. ఇంగ్లండులోని చర్చిని తెచ్చి ఇక్కడ నిలబెట్టినట్టు ఉండకూడదని అజరయ్య గారు పట్టుబట్టారు. కట్టడానికి ఏళ్లకేళ్లు పట్టింది. తూర్పు జ్ఞానులు బాలయేసుకు కానుకలు తెచ్చిన పండుగ నాడు, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. ఆ పండుగ పేరే దీనికీ ఉంది, ఎపిఫనీ కెథడ్రల్ అని.

స్తంభానికి చేయి ఆనించి నిలబడ్డాను. చల్లగా తగిలింది. మా నాయనమ్మ వాళ్ల తరంలో మాల మాదిగలకు ఊరి గుడి మంటపంలో అడుగు పెట్టే హక్కు లేదు. దూరం నుంచి దండం పెట్టుకుని రావడమే. అజరయ్య గారు పుట్టిన తిరునల్వేలి నాడార్ కులం వాళ్లకూ ఒకప్పుడు దేవాలయాల తలుపులు మూసే ఉండేవి. అలాంటివాళ్లంతా కలిసి తమకోసం ఒక మంటపం కట్టుకున్నారు. నా దృష్టిలో ఈ గుడి గొప్పతనమంతా అక్కడే ఉంది. ఎత్తు చూసి, అందం చూసి పొగిడేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి.

అజరయ్య గారు పుట్టింది 1874లో, వెళ్లాలన్‌విళై అనే తమిళ పల్లెలో. 1909లో ఇక్కడికి వచ్చి మొదట డేరాలో ఉన్నారు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తల మీద తామే చేయి పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అని పలికించేవారు. ఆయన కాలం ముగిసేనాటికి ఈ అధ్యక్షమండలంలో, అంటే బిషప్ పరిధిలోని సంఘాలన్నిటిలో, విశ్వాసులు రెండు లక్షలు దాటారు. ఆయన భార్య అన్బు అమ్మగారు కూడా పల్లె ఆడవాళ్ల మధ్య ఎంతో పని చేశారు. ఆమె గురించి మనం చెప్పుకునేది మాత్రం చాలా తక్కువ.

ఆరాధనలో జనం కిక్కిరిసి ఉన్నారు. ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లే వరుసలో కూడా తోసుకోవడమేనా? రొట్టె విరిచే సమయంలో స్తంభాల పక్కన ఫోన్లు పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. బాధేసింది. కానుకల పాట మొదలవగానే అదంతా మరిచిపోయాను. నల్ల కండువా మూటతో ముందుకు వెళ్తుంటే కొందరు వింతగా చూశారు. సంఘపెద్ద మాత్రం రెండు చేతులా అందుకుని, "వందనాలమ్మా" అని బలిపీఠం ముందు పెట్టారు. మోకరించాను. ప్రార్థన చేద్దామంటే మాట పెగల్లేదు. పాప పేరు ఒక్కటే పలికాను. వెనకవాళ్లు తొందర పెడుతుంటే లేచి పక్కకు జరగాల్సి వచ్చింది. అంతే సమయం దొరికింది, అయినా గుండె బరువంతా దిగిపోయింది.

బయటికి వచ్చి అజరయ్య గారి సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాను. 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూశారు. వేర్వేరు క్రైస్తవ సంఘాలన్నీ ఒకటి కావాలని ఎంతగానో తపించారు. అలా కొన్ని సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. అది కళ్లారా చూడకుండానే వెళ్లిపోయారు పాపం.

వేసవిలో అమ్మాయి, అల్లుడు పాపను తీసుకుని వస్తామన్నారు. ఈసారి రిజర్వేషన్ చేయించుకునే వెళ్తాం. పండుగ రద్దీలో పసిపిల్లతో ఆ జనరల్ బోగీ అంటేనే నాకు టెన్షన్.