గోల్డెన్‌కీ తెల్లదానికీ నల్ల పిల్లలెందుకు?

ఆక్సోలాటిల్ అంటే నీళ్లలోనే బతికే, బల్లిలా కనిపించే ఉభయచరం. గోల్డెన్ (బంగారు రంగు) ఆక్సోలాటిల్‌కూ, నల్ల కళ్ల తెల్లదానికీ (లూసిస్టిక్) జత కట్టిస్తే పిల్లలన్నీ ముదురు రంగులో పుట్టొచ్చు. అమ్మినవాణ్ణి తిట్టుకోనక్కర్లేదు. గోల్డెన్‌లో నల్ల రంగు తయారే కాదు. తెల్లదానిలో తయారవుతుంది గానీ రంగు కణాలు ఒళ్లంతా పాకవు. రెండూ వేర్వేరు జీన్లు, రెండూ అంతర్గత లక్షణాలే, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బయటపడేవి. ఒకదాని లోటును రెండోది పూడ్చేస్తుంది.

ఆ ముదురు పిల్లలే అసలు సరుకు. వాటిలో వాటికి జత కట్టిస్తే ప్రతి 16కు సగటున 9 ముదురువి, 3 గోల్డెన్, 3 లూసిస్టిక్, 1 ఎర్ర కళ్ల తెల్ల ఆల్బినో. ఆ ఒక్కటే కావాలంటే రంగు తేలేదాకా 50 పిల్లల్ని పెంచాలి. అప్పుడు కనీసం ఒకటి దొరికే అవకాశం 96 శాతం. పది పెంచి రాలేదంటే లాభం లేదు.

కొన్న ముదురు ఆడదానిలో తెలుపు దాగుందో లేదో తేలాలంటే లూసిస్టిక్ మగదానితో కలపండి. ఒక్క తెల్ల పిల్ల వచ్చినా దాగున్నట్టే. పదికి పదీ ముదురువైతే, తెలుపు దాగుండి కూడా అలా రావడానికి అవకాశం 1024లో 1. ఇక్కడే చాలామంది తప్పు చేసేది: మగదాన్ని వెంటనే మారుస్తారు. ఆడది వీర్యాన్ని కొన్నాళ్లు లోపల దాచుకోగలదు, పరీక్ష పాడవుతుంది. దాని ఒంటికీ ఆరు నెలల విశ్రాంతి కావాలి.

ఇంకో మోసం గుడ్డు రంగు. ఆల్బినో తల్లి గుడ్లు తెల్లగానే ఉంటాయి, లోపల పిల్ల ఏ రంగుదైనా సరే. చచ్చిన గుడ్లనుకుని పారేయకండి. లూసిస్టిక్ పిల్లలకూ మొదట్లో వీపున నల్ల చుక్కలుంటాయి; తొందరపడి ముదురువాటిలో లెక్కేయొద్దు.

ఆడది ఏడాదిన్నర దాటాలి, నీళ్లు 16–18 డిగ్రీలుండాలి. మన ఎండలకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా ఇది జరగదు. మగది వీర్యపు పొట్లాలు అంటించడానికి అడుగున గరుకు పలకరాళ్లు పరవండి. గుడ్లు పెట్టగానే పెద్దవాటిని తీసేయండి, తినేస్తాయి. పెంచలేనన్ని గుడ్లుంటే, ఎక్కువైనవాటిని మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఫ్రీజర్‌లో పెట్టి చంపేయాలి.

పిల్లలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యల్లాంటి జీవులు), ఉప్పు పోయేలా కడిగి, రోజుకు రెండుసార్లు. కోస్తా రొయ్యల హ్యాచరీలు వాడే ఆర్టీమియా గుడ్ల డబ్బాలే ఇవీ. కడుపు నిండకపోతే పక్కదాని కాలు కొరుకుతాయి. కాలు మళ్లీ మొలుస్తుంది గానీ, తల కొరికితే పిల్ల దక్కదు. సైజులవారీగా వేరు చేయండి.