ఒక్క ‘ఏ’ అక్షరం తేడా

ఆదివారం, మే మూడో వారం. విజయవాడ.

పొద్దున పదకొండు కాకుండానే గది కాగిపోతోంది. ఈ వేడిలో ప్లాస్టిక్ మోడళ్లకి రంగు చల్లే ఎయిర్‌బ్రష్ పట్టడం రంగు దండగ. సాయంత్రం దాకా సీసాలు సర్దుకోవడమే పని.

రంగుసీసా మీద ‘యాక్రిలిక్’ అని ఉంటే సరిపోదు. టమియా కంపెనీదీ యాక్రిలికే, వల్లేహో కంపెనీదీ యాక్రిలికే, కానీ రెండిటికీ పొంతన లేదు. టమియా ఆల్కహాల్‌తో కలుస్తుంది. దాని సొంత థిన్నర్ (రంగుని పల్చన చేసే ద్రవం) ఎక్స్-20ఏ, అది లేకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అదే ఆల్కహాల్ వల్లేహోలో పోస్తే పాలు విరిగినట్టు గడ్డలు కట్టి నాజిల్ మూసుకుపోతుంది. దానికి సొంత థిన్నరో, డిస్టిల్డ్ వాటరో వాడాలి. ఇక ఎక్స్-20 అని ‘ఏ’ లేకుండా ఉన్నది నూనె రంగైన ఎనామెల్‌ది. చూపు కాస్త తప్పితే పొరపాటే.

హంబ్రోల్ లాంటి ఎనామెల్స్‌కి పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ చాలు. కిరోసిన్ మాత్రం వద్దు. జిడ్డు మిగిలి రంగు ఓ పట్టాన ఆరదు. వన్‌టౌన్‌లో వడ్రంగులు కొనే ఎన్‌సీ థిన్నర్‌లో టోలుయీన్ లాంటి ఘాటు ద్రావకాలు ఉంటాయి, మోడల్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరిన్‌ని కరిగించేస్తాయి. దాన్ని ఎయిర్‌బ్రష్ లోహభాగాలు కడగడానికే ఉంచుకోవాలి, అదీ రబ్బరు రింగులు తీసేశాకే.

పాళ్లు: 0.3 మి.మీ. నాజిల్, 15 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర టమియాకి రంగు ఒక వంతు, థిన్నర్ ఒకటిన్నర. ఈ ఎండలకి రెండు దాకా వెళ్లొచ్చు. కలిపిన రంగుని గిన్నె గోడ మీదికి లాగితే పాలలా పల్చటి పొర వదిలి జారాలి. చిక్కనైతే బత్తాయి తొక్కలా గుంటలు పడతాయి, మరీ పల్చనైతే సాలీడు కాళ్లలా పాకుతుంది. మన ఊళ్లో వేసవిలో ఎక్కువగా వచ్చే తంటా మూడోది: చుక్క గాల్లోనే ఆరిపోయి ప్లాస్టిక్ మీద పొడిలా పడుతుంది, చేత్తో తడిమితే ఎమెరీ కాగితమే. చాలామంది ప్రెషర్ పెంచుతారు, దాంతో ఇంకా త్వరగా ఆరుతుంది. కావలసింది ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్: 20 చుక్కల థిన్నర్‌కి ఒకటి, మహా అయితే రెండు. మించితే రోజుల తరబడి వేలికి అంటుతూనే ఉంటుంది. మిస్టర్ లెవెలింగ్ థిన్నర్‌లో రిటార్డర్ ముందే కలిపి ఉంటుంది, మళ్లీ వేయక్కర్లేదు. టమియా యాక్రిలిక్‌కీ అది బాగా నప్పుతుంది. నా లెక్కలో వేసవికి అంతకన్నా మంచిది లేదు, ధరే కాస్త చురుక్కుమంటుంది.

ఆరిన యాక్రిలిక్ మీద ఎనామెల్ వాష్ (గాడుల్లోకి పారే బాగా పల్చటి రంగు) వేయొచ్చు, టర్పెంటైన్ కింది పొరని ముట్టుకోదు. ల్యాకర్ థిన్నర్ (ఎన్‌సీ లాంటిది) అలా కాదు, కింది పొరని తినేస్తుంది. రంగు పడని ప్లాస్టిక్ మీద వాష్ నిలవ ఉండనివ్వకూడదు, అతుకుల దగ్గర పగుళ్లొస్తాయి.

సాయంత్రం ఏడు. ముందు ప్లాస్టిక్ చెంచా మీద ఒక చల్లు, తర్వాతే మోడల్ మీద. కిటికీలు తెరిచి, మాస్క్ పెట్టుకుని. ఎయిర్ కూలర్ మాత్రం ఆపెయ్యాలి. చివర్లో మెరుపు కోసం చల్లే ల్యాకర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, కూలర్ తేమ దాని మీద చేరి నిగనిగలాడాల్సిన క్లియర్ కోటు బూడిద పూసినట్టు తెల్లబడుతుంది.