ఆటోనగర్ ఆఫీసులో రౌటర్‌కి లాగ్స్ పెట్టాను

ఈరోజంతా గాజువాక ఆటోనగర్‌లోనే అయిపోయింది. చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్, కొన్నాళ్లుగా మధ్యాహ్నం పూట నెట్ పోతోంది, కాసేపటికి దానంతటదే వచ్చేస్తోంది. అకౌంట్స్ మేడమ్ ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) సగం కొట్టాక పోతే బయట లోడ్ ఎక్కించిన లారీ అలాగే ఆగిపోతుంది, ఆవిడ టెన్షన్ చూస్తే నాకే కష్టంగా అనిపించింది. నెట్ వాళ్లేమో లైన్ బాగానే ఉందండీ అంటున్నారు.

రౌటర్‌లో షో లాగింగ్ (లాగ్స్, అంటే తనకి ఏం జరిగిందో రౌటర్ టైమ్‌తో రాసుకునే లైన్లు, చూపించే కమాండ్) కొడితే నాలుగే లైన్లు, ముందు * గుర్తు, అంటే గడియారం సెట్ అవ్వలేదని, డేట్ చూస్తే 1993 మార్చి 1. పాత సిస్కో డబ్బా, లోపల బ్యాటరీ గడియారం లేదు, పవర్ పోయిందంటే టైమ్ అక్కడికే వెళ్లిపోతుంది, మెమరీలో ఉన్న లాగ్స్ కూడా పోతాయి. అంటే రీస్టార్ట్ అవుతోందని తెలుస్తూనే ఉంది, కానీ నెట్ రాకపోతే ఎవరో ఒకరు ప్లగ్ పీకి మళ్లీ పెట్టడం ఆ ఆఫీసులో అలవాటు, మరి అది వీళ్లు పీకిందా తనే ఆగిందా ఎలా చెప్పడం? అనుమానం చెప్తే ఎవరూ ఒప్పుకోరు, టైమ్‌తో సహా చూపించాలి.

ముందు గడియారం సరిచేశా, ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే పద్ధతి) పెట్టి టైమ్‌జోన్ 5 30 ఇచ్చా. లాగ్స్‌లో టైమ్ తప్పైతే ఇంక ఆ లాగ్స్ ఉండీ లాభం లేదు, నేనైతే దీన్ని అన్నిటికన్నా ముందు చేస్తాను. తర్వాత ర్యాక్‌లో ఉన్న లైనక్స్ మెషీన్‌లో (ఇక్కడ సర్వర్ అదే) ఆర్‌సిస్‌లాగ్, అంటే వేరే డబ్బాల లాగ్స్ అందుకుని దాచే ప్రోగ్రామ్, ఆన్ చేసి, ఆ లాగ్స్ వచ్చే పోర్ట్ యూడీపీ 514 తెరిచి, రౌటర్‌లో లాగింగ్ హోస్ట్ (లాగ్స్ ఎక్కడికి పంపాలో చెప్పేది) ఆ మెషీన్‌కి ఇచ్చా. ఇలా లాగ్స్ పంపే పద్ధతి పేరే సిస్‌లాగ్, అందులో లెవెల్స్ 0 నుంచి 7 దాకా ఉంటాయి, 0 అంటే ఎమర్జెన్సీ, 7 అంటే డీబగ్ (లోపల జరిగే ప్రతి చిన్న వివరం), నంబర్ తగ్గేకొద్దీ సీరియస్. ట్రాప్ (సర్వర్‌కి ఏ లెవెల్ దాకా పంపాలో) 6 దగ్గర ఆపా, 7 పెడితే డీబగ్ ఆన్ చేసినప్పుడల్లా సర్వర్ నిండిపోతుంది, కావాల్సిన లైన్ దొరకదు. కన్సోల్ (రౌటర్‌కి నేరుగా కేబుల్ తగిలించే పోర్ట్) లాగింగ్ తీసేశా, 9600 స్పీడ్ మీద ఒక్కో అక్షరం పంపుతూ రౌటర్ అలిసిపోతుంది.

ఇంకొకటి కూడా చేశా. రీస్టార్ట్ అయిన వెంటనే ఎన్‌టీపీ సింక్ అయ్యుండదు, అంటే నాకు కావాల్సిన ఆ ఒక్క లైనే 1993తో వస్తుంది, అందుకని సర్వర్ తనకి అందిన టైమ్ కూడా పక్కన రాసేలా పెట్టా. ఫైళ్లు 180 రోజులు ఉండి, ఆ తర్వాత పాతవి పోయేలా రొటేషన్ ఇచ్చా, 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ఉన్న లెక్క అదే.

భోంచేసి వచ్చి చూస్తూ కూర్చున్నా. 2:40 వరకు లైన్లు వస్తున్నాయి, అక్కడ ఆగిపోయింది, లింక్ డౌన్ అని కూడా లేదు, ఎర్రర్ లేదు, ఆ తర్వాత 2:45కి సిస్టమ్ రీస్టార్టెడ్. చెప్పడానికి కూడా టైమ్ లేకుండా ఆగిపోయిందన్నమాట. ప్లగ్ ఎవరూ ముట్టుకోలేదు, నేను అక్కడే ఉన్నా కదా.

కరెంటు పోయిన టైమ్ చూద్దామని వెంటనే జనరేటర్ షెడ్‌కి వెళ్లా. "ఏటి బాబూ, డీజిల్ పుస్తకం నీకెందుకు?" అన్నాడు ఆపరేటర్ పెద్దాయన, అయినా తీసి చూపించాడు. కరెంటు పోయింది 2:40, జనరేటర్ మీదకి మార్చింది 2:42. చక్కగా రాసి పెట్టుకున్నాడు, ఆ పుస్తకం లేకపోతే నా లాగ్ సగమే చెప్పేది. మిగతా మూడు నిమిషాలూ రౌటర్ బూట్ అవ్వడానికే. సర్వర్, స్విచ్ యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి ఆగలేదు, రౌటర్ ఒక్కటే గుమ్మం దగ్గర గోడ ప్లగ్‌కి ఉంది, ఫైబర్ అక్కడికే వచ్చిందని అక్కడే పెట్టేశారంట.

మేనేజర్ గారికి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించా, ఇంకేం అడగలేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి సాయంత్రానికల్లా రౌటర్‌కీ ఫైబర్ డబ్బాకీ యూపీఎస్ లైన్ లాగించేశారు. రేపు కరెంటు పోయినప్పుడు 514లో లైన్లు ఆగకుండా వస్తాయా లేదా ఇంటి నుంచే చూస్తాను.