కాలువ శివారుకి నీరెందుకు రాదు?

శ్రీకాకుళం జిల్లాలో వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ దగ్గర నీరు వదిలిన రోజే అందరూ ఫోటోలు పెడతారు. వంశధార ఎడమ కాలువ వంద కిలోమీటర్లు పైగా పారాలి. కాలువ చివర, వజ్రపుకొత్తూరు వైపు మడి తడిసినప్పుడు కదా ఫోటో పెట్టాలి!

లెక్క చిన్నదే. ఒక క్యూసెక్కు, అంటే సెకనుకి ఘనపుటడుగు నీరు, గంట పారితే ఎకరాకి అంగుళం నీరు. రోజంతా పారితే 12 ఎకరాలకి రెండేసి అంగుళాలు. దాన్నిబట్టి తూముకి ఇన్ని గంటలని వంతు కట్టి, శివారు నుంచి మొదలెట్టి పైకి రావాలి. కానీ షట్టరు మరకి గ్రీజు పెట్టరు, తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఎవరో గునపంతో తలుపు ఊడబీకుతారు. ఆపైన ఇసుక బస్తాలే షట్టరు, ఇక వంతెక్కడిది? గుర్రపుడెక్క, తూటికాడ లాంటి కలుపు అడ్డుపడి నీరు ఎగదన్నితే గట్టుకి గండి. పూడిక మే నెలలో, కాలువ ఎండినప్పుడే తీయాలి. నారు పోశాక టెండరు మాటెత్తితే ఏం లాభం?

1997 చట్టం వంతులూ, మరమ్మతులూ రైతుల నీటి సంఘాలకే అప్పగించింది. నన్నడిగితే తూము తాళం శివారు సభ్యుడి చేతిలో ఉండాలి. గేజీ అంకె, అంటే నీటిమట్టం ఎంతుందో, రోజూ పొద్దున్నే తూము గోడమీద సుద్దతో రాయాలి, తేదీ వేసి మరీ.