ముగింపు ముందే తెలిసిన కథలు

పోయిన నెలంతా రెండు రకాల పుస్తకాలే చదివాను. పురాణాల్ని కొత్తగా చెప్పే నవలలు కొన్ని, తేలికపాటి ప్రేమకథలు కొన్ని. ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చదవడం వల్ల కాబోలు, ఇన్నాళ్లూ గమనించని పోలిక ఒకటి కనిపించింది. రెండింటిలోనూ చివరికి ఏమవుతుందో అట్ట తెరవకముందే మనకు తెలుసు. కర్ణుడి రథచక్రం దిగబడక మానదు, ప్రేమకథలో వాళ్లిద్దరూ కలవకా మానరు. మరి తెలిసిన కథ కోసం మూడు వందల పేజీలు ఎందుకు కూర్చుంటున్నాం? రివ్యూ రాసే ముందు ఈ ప్రశ్నకి నాకు నేను జవాబు చెప్పుకోవాలి. చాలాసార్లు చెప్పుకోకుండానే రాసేశాను.

ఎం.టి. వాసుదేవన్ నాయర్ 1984లో మలయాళంలో రాసిన రండామూళం తీసుకోండి. భీముడి వైపు నుంచి చెప్పిన భారతం అది, మొదలయ్యేదే మహాప్రస్థానంతో. ద్రౌపది దారిలో పడిపోతుంది, ధర్మరాజు వెనక్కి తిరిగి చూడడు, ఆగినవాడు భీముడొక్కడే. ముగింపుని ముందే చేతిలో పెట్టేశాక ఇక ఏం జరుగుతుందో అన్న ఆత్రం ఉండదు, ఈ మనిషి ఎందుకు ఆగాడు అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది, అది పుస్తకం చివరిదాకా లాక్కుపోతుంది. పేరుకి అర్థం రెండో వంతు అని. మనం చిన్నప్పటినుంచీ భీముడంటే గద, తిండి, బలం అనే విన్నాం, ఎప్పుడూ తన వంతు కోసం కాచుకుని ఉన్నవాడిగా అతన్ని ఊహించలేదు. చదివాక మళ్లీ ఏ భారతం చదివినా ఆ భీముడే కనిపిస్తాడు నాకు.

చిత్రా బెనర్జీ దివాకరుణి ద పేలస్ ఆఫ్ ఇల్యూజన్స్ 2008లో వచ్చింది, ద్రౌపదే కథ చెబుతుంది, కర్ణుడి మీద మనసులో దాచుకున్న ఇష్టంతో సహా. ద్రుపదుడి ఇంట్లో అన్నతో గడిపిన రోజులు, పెంచిన దాది మాటలు ఉన్న మొదటి భాగం నాకు ప్రాణం. యుద్ధం దగ్గరపడేకొద్దీ చెప్పాల్సిన సంఘటనలు ఎక్కువైపోయి మనిషి పల్చబడిపోయింది, రెండోసారి చదివినప్పుడూ అలాగే అనిపించింది. అయినా ఎవరైనా అడిగితే చదవమనే చెబుతాను.

వీటి తర్వాత వచ్చిన వాటిలో చాలా పుస్తకాలతో నాకు ఒకే ఇబ్బంది. పాత్ర నోరు తెరిస్తే ఉపన్యాసమే. ఆకలేసినా, కోపం వచ్చినా, పిల్ల ఏడ్చినా ఆవిడ తన పరిస్థితి గురించి పేరాలకు పేరాలు విశ్లేషించుకుంటుంది. వెనక అట్ట మీదేమో, ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని స్త్రీకి మొదటిసారి గొంతు ఇచ్చిన పుస్తకం అని ఉంటుంది. ఆ మొదటిసారి అన్న మాట చూస్తే నిజంగా బాధేస్తుంది. మన ఆడవాళ్లు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర పాట ఎంత పాతది! పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడు గదిలోకి వస్తే ఊర్మిళ నిద్రమత్తులో గుర్తుపట్టక, ఎవరు నువ్వు, మా నాన్నకి తెలిస్తే ఊరుకుంటాడా, పరాయి ఆడదాన్ని కోరిన ఇంద్రుడి ఒళ్లు ఏమైందో తెలియదా అని నిలదీస్తుంది. భర్తనే పరాయివాడిగా నిలబెట్టి అడగడం! అన్నేళ్లు వదిలేసిపోయిన మనిషికి అంతకన్నా పెద్ద మాట ఏం కావాలి? ఆ పాటలో ఎక్కడా ఉపన్యాసం లేదు, ఉన్నదల్లా భయపడ్డ ఆడమనిషి అడిగే మాటలే.

ఓల్గా విముక్త కథలు ఆ దారిలోనివే అనుకుంటాను. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. సీత శూర్పణఖని కలుస్తుంది, శూర్పణఖ ఇప్పుడు అడవిలో ఒక అందమైన తోట పెంచుతోంది. ముక్కూ చెవులూ పోయిన మనిషి అందాన్ని చేతులారా పెంచుతోందన్న ఆ ఒక్క ఊహ దగ్గరే నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ కథల్లోనూ ఆలోచనలు సూటిగా చెప్పే చోట్లు ఉన్నాయి, కాదనను, కానీ ముందు ఆ తోట ఉంది కాబట్టి ఆ మాటలకి నిలబడే నేల దొరికింది.

ఇక ప్రేమకథలు. వీటి విషయంలో నేను చేసింది అన్యాయం. ఎన్నో పుస్తకాలకి "టైంపాస్‌కి ఓకే" అని రెండు ముక్కలు రాసి వదిలేశాను, అదే పురాణం మీద పుస్తకమైతే రెండు పేజీలు రాసేదాన్ని. తేలిగ్గా చదివించడం తేలికైన పనేం కాదు. అనూజా చౌహాన్ ద జోయా ఫ్యాక్టర్ (2008) మళ్లీ చదివితే అర్థమైంది. 1983లో మనం వరల్డ్ కప్ గెలిచిన క్షణాన పుట్టిన అమ్మాయి యాడ్ ఏజెన్సీలో పనిచేస్తుంటుంది, ఆమెతో కలిసి టిఫిన్ చేస్తే మ్యాచ్ గెలుస్తామని క్రికెట్ టీమ్ నమ్మడం మొదలుపెడుతుంది. కెప్టెన్‌కి మాత్రం అదృష్టం మీద నమ్మకం లేదు, కష్టపడి గెలిచామని జట్టు అనుకోవాలి అతనికి. అతను ఆమెని ఇష్టపడుతూనే ఆమెకి పేరు తెచ్చిన నమ్మకాన్ని వద్దంటున్నాడు. ఎంత మంచి అడ్డంకి! ఇద్దరి స్వభావాల్లోంచి పుట్టింది, ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయేది కాదు. రచయిత్రి యాడ్ రంగంలో పనిచేసిన మనిషి కాబట్టి ఆ ఆఫీసు వాసన పేజీల్లో తెలుస్తుంది.

నాకు నచ్చని ప్రేమకథల్లో అడ్డంకి ఎప్పుడూ ఆ ఒక్క ఫోన్ కాలే. ఎవరో ఎవరినో ఎవరితోనో చూస్తారు, అడగరు, ఎనభై పేజీలు ఏడుస్తారు. చేతన్ భగత్ 2 స్టేట్స్ (2009)లో పంజాబీలనూ తమిళుల్నీ మూసబొమ్మల్లా చూపించిన తీరు నాకు నచ్చదు, కానీ మన దేశంలో ప్రేమకి అడ్డం వచ్చేది ఇంట్లోవాళ్లని ఒప్పించడమేనని పట్టుకుని కథంతా దాని చుట్టూ నడిపాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఒక్కటి అడగాలి మిమ్మల్ని. తెలుగులో ఈ పదేళ్లలో వచ్చిన తేలికపాటి ప్రేమ నవలల్లో, హీరోయిన్‌కి ఒక ఉద్యోగం ఉండి, ఆ పని పేరుకి మాత్రమే కాకుండా రోజూ పేజీల మీద కనిపించేవి ఏమైనా తెలిస్తే చెప్పండి. ఈసారి రెండు ముక్కలతో సరిపెట్టను, పూర్తిగా రాస్తాను.