పిన్ని, ఐదు రోజుల రేడియేషన్

రొమ్ములో గడ్డ తీశాక పిన్నికి రేడియేషన్ అనగానే వారాల తరబడి హైదరాబాద్‌లో మకాం వేయాలనుకుని టెన్షన్ పడ్డాం. గడ్డ చిన్నది, చంకలో గ్రంథులకు పాకలేదు, వయసు 60 దాటింది కాబట్టి లోపలి నుంచే రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ చాలన్నారు (అందరికీ కుదరదట). గడ్డ ఉన్నచోట సన్నటి గొట్టాలు అమర్చారు, మిషన్ వాటిలోకి బియ్యపుగింజంత ఇరిడియం-192 అనే రేడియోధార్మిక లోహాన్ని పంపి కాసేపటికి వెనక్కి లాగేసుకుంటుంది. రోజుకు రెండుసార్లు, మధ్యలో కనీసం 6 గంటలు, మొత్తం 10 సార్లు.

బాధల్లా ఆ గొట్టాలతోనే, పక్కకు తిరిగి పడుకోలేదు, స్నానం లేదు, ఒకటే విసుక్కునేది. మనవణ్ణి ఎత్తుకోవచ్చా అని మాత్రం భయపడుతూ అడిగింది. రేడియేషన్ ఒంట్లో ఏమీ మిగలదు, కాకపోతే గొట్టాలు తీసి పుండ్లు మానేదాకా బరువులెత్తొద్దన్నారు. వాడేమో పన్నెండు కిలోలు!