పదమూడు కాలనీలు: బట్టీ పట్టి నేను బోల్తా పడ్డ చోటు

సివిల్స్ మెయిన్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు చాలామంది అమెరికా విప్లవాన్ని బోస్టన్ టీ పార్టీ (పన్నుకు నిరసనగా టీ పెట్టెలు సముద్రంలో పారేసిన ఘటన) నుంచి మొదలుపెడతారు. నేనూ అంతే. మొదటి టెస్ట్‌లో తొలి ఆంగ్ల వలసల ప్రాంతీయ భేదాలు అడిగితే, తర్వాత అమెరికా దేశమైన ఆ పదమూడు కాలనీల పేర్లూ సంవత్సరాలతో సహా దించేశాను. దిద్దినాయన పక్కన ఒకటే ముక్క రాశాడు: "తేడా ఎక్కడ?"

ఆ రాత్రి టెన్షన్‌తో మళ్లీ చదువుతుంటే పొగాకు దగ్గర ఆగిపోయాను. మాది ప్రకాశం జిల్లా. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల మధ్యే పెరిగాను. మా ఊళ్లో పండేది వర్జీనియా పొగాకే. ఆ వర్జీనియా ఇదేనని, సిగ్గుపడకుండా చెప్తున్నా, అప్పుడే తట్టింది.

1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో దిగినవాళ్లను పంపింది లాభం కోసం పెట్టిన కంపెనీ. అక్కడి వలసదారు జాన్ రోల్ఫ్ పొగాకు వేశాకే వాళ్లు డబ్బు కళ్లజూశారు. పొగాకు నేల సారం లాగేస్తుంది. ఎప్పటికప్పుడు కొత్త భూమి కావాలి, కూలీలు కావాలి. మొదట ఓడ ఖర్చు కింద కొన్నేళ్లు పనిచేసే ఇంగ్లిష్ ఒప్పంద కూలీలు, ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి ఎక్కువగా ఆఫ్రికన్ బానిసలు. తోటలు నదుల వెంట విసిరేసినట్టు ఉండేవి, ఊళ్లు తక్కువ.

ఉత్తరాన మసాచుసెట్స్‌కి ప్యూరిటన్లు (ఇంగ్లండ్ చర్చిని ఇంకా సంస్కరించాలన్న క్రైస్తవులు) కుటుంబాలతో వచ్చి, చర్చి చుట్టూ ఊరు కట్టుకున్నారు. యాభై ఇళ్లున్న ఊరు చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలని 1647లో చట్టం చేశారు. 1671లో వర్జీనియా గవర్నర్ బర్క్లీ, మా దగ్గర ఉచిత బడులూ అచ్చుయంత్రాలూ లేనందుకు దేవుడికి దండం అని లండన్‌కు రాశాడు. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఇంట్రో అయిపోయినట్టే.

మధ్య కాలనీలకు నాలుగు వాక్యాలు చాలు: గోధుమ, క్వేకర్లు (యుద్ధం వద్దనే ఓ క్రైస్తవ శాఖ), జర్మన్లు, 1664 దాకా డచ్చివాళ్లదైన న్యూయార్క్.

ఒక జాగ్రత్త. "ఉత్తరాన బానిసత్వం లేదు" అని రాయకండి, నేను రాసి మార్కులు పోగొట్టుకున్నాను. మసాచుసెట్స్ 1641లోనే దానికి చట్టంలో చోటిచ్చింది. కరీబియన్ చెరకు తోటల బానిసలు తిన్న ఎండుచేపలు న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల కాలనీలు) ఓడల్లో వెళ్లినవే. అటు దక్షిణాన జార్జియా 1735లో బానిసత్వాన్ని నిషేధించి, 1751లో మళ్లీ తలుపు తెరిచింది.

ఇదంతా ఫోన్‌లో నాన్నకు చెప్తే, "వాళ్లకైనా గిట్టుబాటు ధర వచ్చిందా?" అన్నాడు.

రాలేదు నాన్నా, 1660ల్లో వాళ్లకీ రేటు పడిపోయింది.